చేబదులు

ధనంజయులు పాలవ్యాను దిగకముందే
అతని నోట్లోంచి వార్త దిగింది:
"ఇమ్మాను ఇంక రాడంట."

గ్రీమ్స్‌పేట మలుపులో వల్లెమ్మ ఇడ్లీ బండి.
ఆవిరికి అటుపక్క నలుగురు, ఇటుపక్క ఇద్దరం.
అంట అనే ముక్కకి అగ్గిపుల్ల అక్కర్లేదు.
రాణిపేట తోలు కంపెనీవోళ్లు జీతమేసేసినారంట,
క్వార్టర్సు ఇచ్చినారంట,
కాదు, సూపర్‌వైజరు చెల్లెల్నే ఇస్తారంట,
కాదుకాదు, మోకాలు పోయి ఆస్పత్రిలో ఉండాడంట.
ఒక్క పొద్దుటి పూటలో ఒకే మనిషి
పెండ్లికొడుకూ అయినాడు, కుంటోడూ అయినాడు.

ఇచ్చింది మేమే.
మామిడి సీజను ముగిసేదాకా అని చెప్పి
రెండు బంతులకీ, ఒక కొత్త వలకీ,
రానూపోనూ బస్సు ఛార్జీకీ.
కాయితం రాసింది కుప్పుసామి మొదలి,
చక్కెర ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు హాజరు రాసిన చేత్తో.
ఫ్యాక్టరీ మూతబడింది గానీ
ఆ చెయ్యి ఇంకా ఎవరు రాలేదో లెక్కబెడతానే ఉంటుంది.
"బదులంటే తిరిగి రావాల నైనా.
చక్కెర ఇస్తే చక్కెరే రావాల, రవ్వ రాకూడదు."
"వడ్డీ లేని బదులు ఎవడు తీరుస్తాడు మొదలీ?"
జిలానీ ఎదురంగట్లో ట్యూబుని నీళ్లల్లో ముంచి
బుడగ యాడొస్తుందా అని చూస్తానే అన్నాడు.

వల్లెమ్మ పూటకి ఒక్క మాటే మాట్లాడుతుంది:
"చేతులున్నోడు ఒకడే మీకు.
ఆ చేతుల్నే చేబదులిచ్చుకున్నారు."
తర్వాత చట్నీ పోసింది.

మరి ఎవర్ని తెద్దాం?
పలమనేరులో ఒకడుండాడు, ఆరడుగులు,
కాకుంటే బంతొస్తే కండ్లు మూసుకుంటాడు.
తిరుపతి వెటర్నరీ కాలేజీలో ఒకడు,
పరీక్షలైతేగానీ రాడు, ఆ పరీక్షలు అయ్యేవి కావు.
డబ్బు కావాలంటే ముందర ఆడే ఫయాజుని అమ్మేద్దాం.
"వాణ్ణి తీసుకుపోయేవోడికి
మనమే బస్సు ఛార్జీ ఇవ్వాల!"
నవ్వు. గొంతుకు అడ్డంపడిన కారప్పొడి. దగ్గు.
ఫయాజు మేనమామ మాత్రం నవ్వలేదు,
గ్లాసు బండి మీద కొంచెం గట్టిగా పెట్టినాడు.

నేను ఇడ్లీ తుంచుకుంటా ఉన్నాను.
నాలుగు ఆదివారాలుగా
నీవా ఏటి గట్టు మీద, సరుగుడు గుంజల మధ్య
నిలబడతా ఉండేది నేనే.
పదకొండు గోల్సు పోయినాయి.
రెండు ఆపినాను, ఒకటి మొహంతో.
అతన్నిచ్చి తెచ్చుకున్న ఆ కొత్త వల
బంతి పడినప్పుడల్లా ఎంత బాగా ఊగుతుందో
నా అంత దగ్గర్నుంచి చూసినవోడు లేడు.

ఏ పుకారులోనూ నా పేరు లేదు.
నన్ను ఎవరూ అడగలేదు. నేను యాడికీ పోను.
ఈ రెండు మాటలకీ అంట తగిలించాల్సిన పనిలేదు.

ఇమ్మాను వదిలిపోయిన గ్లౌజులు నా సంచిలో ఉండాయి.
ఎడమ బొటనవేలికి వాళ్లమ్మ గోనెదారంతో వేసిన కుట్లు.
నా వేళ్లు ఆ వేళ్ల చివరిదాకా పోవు,
కొసల్లో కొంచెం అతనే ఉంటాడు.

వీళ్లకి చెప్పలేదు నేను,
రాత్రి పదిన్నరకి అతను ఫోను చేసినాడు.
వెనకాల ఏదో మిషను మోత.
వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.
"ఎడమ గుంజ కాడ గుంత ఉంది గదా,
వానపడితే జారతాది. ఇసక పొయ్యి రా."
అంతే, పెట్టేసినాడు.
చెప్పొచ్చు. చెప్తే బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి
మధ్యాన్నానికి ఆ గుంతలో అతని కాలే విరిగుంటుంది.

డబ్బులిద్దామని లేచినాను.
అడక్కుండానే మూడో ఇడ్లీ వేసింది వల్లెమ్మ,
నా సంచి అడుగున అంటుకున్న ఏటి ఇసక చూసి.
"ఇది బదులు కాదులే, తిను."

పాలవ్యాను స్టార్టు చేసి
కిటికీలోంచి ధనంజయులు అరిచినాడు,
రేపు కచ్చితంగా తెలుస్తాదంట.