కందనకాయ

ఐరాల పశువులాసుపత్రి కాంపౌండరు
అట్టపెట్టె చేతికిచ్చి చెప్పినాడు:
"ఇవి రెండిందాలా పనికొచ్చే జాతి.
పెట్టలు గుడ్డుకి, పుంజులు కూరకి.
పేర్లు మాత్రం పెట్టొద్దు."

ఇరవై పిల్లలు.
ఒకటి ఆటోలోనే పోయింది.
రెండిటిని ముంగిస తీసుకుపోయింది.
ఎల్‌ఈడీలో వేడి లేదని
చిత్తూరు బజారంతా తిరిగి
పాతకాలం బల్బు ఒకటి పట్టుకొచ్చినాడు మా ఆయన.
వరిపొట్టు మీద, ఆ పసుప్పచ్చ వెలుగులో
మూడు వారాలు అవి మాకంటే వెచ్చగా పడుకున్నాయి.

పేర్లు పెట్టలేదు.
ఎర్రది, కుంటిది, మామిడాకు తోకది,
ఇవి పేర్లు కావు కదా.

నాలుగో నెల. పుంజులు ఏడు.
కూత ఇంకా కుదరలేదు.
గొంతు మారే పిలగాళ్ళ మాదిరి
మూడు గంటలకే లేచి, సగం కూసి,
సిగ్గుపడి ఆపేస్తాయి.
పాలకేంద్రం పుస్తకం వెనకపేజీలో లెక్క రాసినా:
తవుడు ఇంత, నూకలు ఇంత, టీకా మందు ఇంత.
ఈ వారం దాటితే
తినేది ఎక్కువ, పెరిగేది తక్కువ.

ఈ ఇంట్లో కత్తి మా అత్త కుప్పమ్మది, నలభై ఏండ్లుగా.
ఈసారి ఎత్తింది, దించేసింది.
"వేళ్ళు మాట వినడం లేదే. నువ్వే పట్టు."
నేనా?
ఊహ తెలిసినకాడి నుంచి తిన్నదాన్నే గాని
ఆ పని జరిగేటప్పుడు
ఎప్పుడూ గోడకి ఇవతల ఉల్లిపాయలు తరిగినదాన్ని.

శనివారం మాకు ఒంటిపొద్దు.
ఆ రాత్రి మామిడాకు తోకదాన్ని
గంప కింద మూసినా, మేత లేకుండా.
దానికీ ఒంటిపొద్దే.

ఆదివారం తెల్లారకముందే.
"కాళ్ళు ఒక కాలి కింద, రెక్కలు ఒక కాలి కింద.
జంకినావంటే దానికి రెండు చావులు.
ఒకటి చాలు."

కోసినా.
వెచ్చగా ఉంది.
దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

నీళ్ళు కాగాల, మరగకూడదు.
వేలు మూడుసార్లు ముంచగలిగి
నాలుగోసారి ముంచలేకపోతే సరిపోయినట్టు.
ఈకలు తడిసిన కాగితం మాదిరి ఊడొచ్చినాయి.
ఎండు కొబ్బరిమట్ట మంట మీద కాల్చి
పసుపు పూసి, కడుపు చీల్చి,
అత్త చూపించినట్టే
కందనకాయ కోసి తిరగేసినా.

గులకరాళ్ళు. రాగుల పిప్పి.
నీలం గాజు పెంకు.
వాటి నడుమ, నున్నగా,
నా కమ్మ మర.

అది పోయి రెండు నెలలు.
ఆ పొద్దు పక్కింటి దొరసాని కూతురు
మా వసారాలో ఆడుకుంటా ఉండింది.
"ఆ పిల్లని ఒకసారి అడుగు" అన్నా, అంతే.
నేను అనింది అంతే.
అప్పటి నుంచి మా వైపు వాళ్ళ కిటికీ తెరుచుకోలేదు.

అత్త చూసింది.
ఏమీ అనకుండా రోటి దగ్గరికి పోయి
ధనియాలూ మిరపకాయలూ నూరడం మొదలుపెట్టింది.
ఆ వేళ్ళతోనే.

బ్రాయిలరు కాదు, పది నిమిషాల్లో లొంగడానికి.
పొద్దెక్కేదాకా ఉడికింది పులుసు.
సంగటి ముద్ద, కాలి ముక్క, కార్జం
గిన్నెలో సర్ది
కందనకాయ కూడా వేసినా.
ఆ పిల్లకి ఇష్టం, నాకు తెలుసు.

దొరసాని తలుపు తీసింది.
ఒక చేతిలో గిన్నె,
ఇంకో చేయి చాపి మర చూపించినా.
యాడ దొరికిందో చెప్పినా.
ఎట్లా మొదలుపెట్టాల్నో తెలియక
కోడి బరువు కూడా చెప్పినా, రెండు కిలోల నూరు అని.

మరని చూసింది. నన్ను చూసింది.
"కోడిని అడిగినావా అక్కా,
కోసే ముందు?"

గిన్నె మాత్రం తీసుకుంది.

మర అరిగిపోయింది. కమ్మకి ఎక్కుతుంది, నిలవదు.
ఇంకా ఆరు పుంజులున్నాయి.
కత్తి కడిగి
అత్త పెట్టే చోట కాకుండా
నాకు అందే చోట పెట్టుకున్నా.

గిన్నె ఇంకా తిరిగి రాలేదు.