టమోటాలు నోరెత్తవు

ఇరవై ఏండ్లు టమోటాలు తోలినోణ్ణి.
మదనపల్లె మండీ నుంచి బెంగుళూరు దాకా
క్రేటు మీద క్రేటు, ఎక్కమంటే ఎక్కేవి.
కుళ్ళితే కుళ్ళేవి గానీ
నేనెక్కనని ఏ టమోటా కాళ్ళు బిగబట్టలే.

ఇది గుర్రాల బండి. కొత్తగా ఒప్పుకున్న పని.
రేసుకోర్సు వెనక గేటు, తెల్లారుజాము నాలుగున్నర,
రాత్రి వాన ఇంకా గుంతల్లోనే ఉంది.
ఏడు లోపల సిల్క్ బోర్డు దాటకుంటే
ఇంక మధ్యాహ్నమేనని ఓనరు ఫోను మీద ఫోను.

కాగితంలో దాని పేరు రాయల్ ఏదో ఉంది.
హుస్సేనప్ప మాత్రం చింతగింజా అంటాడు.
రంగు చూస్తే ఆయనదే నిజం.

పలక దింపినాం.
ఒక గిట్ట పెట్టింది. డొల్లుమంది. తీసేసింది.
అంతే, ఇంక భూమిలోనించి మొలిచినట్టు నిలబడింది.

బెల్లం చూపించినారు.
మెడ సాచి బెల్లం తిని, కాళ్ళు ఉన్నచోటే ఉంచింది.
క్యారెట్టుకీ అదే మర్యాద.
కండ్లకు గుడ్డ కట్టినారు, చెవులతో చూసింది.
కుర్ర సైసులిద్దరు వెనక తాడేసి నెడితే
వాళ్ళ మీదే కూర్చోబోయింది,
సోఫా తనదేనన్న షావుకారమ్మ మాదిరి.
ఆఖరికి నాగభూషణం చీపురెత్తినాడు.
"దించు" అన్నాడు హుస్సేనప్ప.
గట్టిగా కాదు. చీపురు దిగింది.

తర్వాత ఆయన చేసింది చూసి నాకు నవ్వొచ్చింది.
అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులోడు,
బక్కెట్టు బోర్లించి దాని మీదెక్కి
గుర్రం తల పక్కన తల పెట్టి
నా బండి వైపు చూసినాడు.
"నువ్వెక్కుతావా రా ఇందులోకి?"

పోయి చూసినా.
డ్రైవరు ఏనాడూ వెనకనించి చూడని బండి.
లోపల ఎండిపోయిన బావి చీకటి.
తలుపు మీద నాలిక సాచిన దిష్టిబొమ్మ,
నేనే కట్టింది.
ఎవరి కన్నూ పడకూడదని కడితే
దీని కంట్లో పడింది.

బొమ్మ విప్పేసినా.
ముందర సైడు తలుపు తీస్తే లోపల కొంచెం తెల్లారింది.
దాని కొట్టంలో గడ్డి, దాని వాసనుండేది,
మోసుకొచ్చి పలక మీద పరిచినాం.
అయినా ఎక్కలే.

ఆరు. ఆరుంబావు. ఫోను.

హుస్సేనప్ప తాడు వదులుగా పట్టుకుని
బండి లోపలికి పోయి, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.
బీడీ కూడా వెలిగించలే.
పల్లె బస్సుకోసం కూర్చున్నట్టు కూర్చుని
గడ్డితో మాట్లాడుతున్నట్టు చెప్తా ఉన్నాడు,
పెనుగొండ పక్కన వాళ్ళ ఊర్లో బోరు ఎండిన సంగతి,
చిన్న కూతురికి కొన్న కుట్టుమిషను,
పోయిన వేసవిలో చింతగింజ గెలిచిన పందెం,
ఆ పొద్దు దాని మీద పది రూపాయలైనా
తను కట్టలేదని.

మేం టీకి పోయినాం.
సగం గ్లాసు కాడ వినబడింది.
డొల్.
చానాసేపు ఏమీ లేదు.
డొల్. డొల్.
ఎవరూ తిరిగి చూడలే.
నాగభూషణం గ్లాసు పెదవుల కాడే ఆపినాడు.
నాలుగోది.

పలకెత్తి గొళ్ళెం వేసినాక
సైడు తలుపులోంచి హుస్సేనప్ప దిగినాడు.
ఆయన రావడంలే.
ఆనేకల్లు అవతల సవారీ నేర్పే బడి, అక్కడ వేరే సైసు.
"స్పీడు బ్రేకరొస్తే ముందే చెప్పు దానికి" అన్నాడు.
ఎట్లా చెప్పాలో చెప్పలే.
చొక్కాకంటిన గడ్డి దులుపుకోకుండానే
ఖాళీ కొట్టం కడగను పోయినాడు.

సిల్క్ బోర్డు కాడికి ఎనిమిది దాటింది.
చుట్టూ హారన్లు.
నా బొటనవేలు అలవాటుగా పోయి
తాకకుండా వెనక్కొచ్చింది.
వీపు వెనక రేకు మీద ఒక గిట్ట తట్టింది.
సిగ్నలు దాటినాక స్పీడు బ్రేకరు కనబడింది.

గొంతు సవరించుకున్నా.
"చింతగింజా, ఇదో వస్తాంది" అన్నా.
మళ్ళీ ఏం చెప్పాలో తోచక
ఈ వారం మదనపల్లెలో
టమోటా ధర చెప్పడం మొదలుపెట్టినా.