పడని మందు

విశాఖలో మొదటి మాత్ర మింగించి
అరగంట బెంచీ మీద కూర్చోబెట్టారు.
దురద లేదు, ఆయాసం లేదు.
"పడింది" అంది నర్సు.
పడిందనుకునే పలాస బండెక్కాం.

మా దాలమ్మప్ప చేతులు
ఇరవై రెండేళ్ళుగా జీడి బట్టీవి.
ఆముదం రాసి, బూడిద అద్ది
ఎంత కాచుకున్నా
జీడి తన వంతు చర్మం తీసుకునే వెళ్ళేది.
ఒకటి ఊడితే ఇంకొకటి వచ్చేది,
అద్దెకు దిగినవాళ్ళలా.

అందుకే
తొమ్మిదో నాడు జ్వరం వస్తే ఎండదెబ్బన్నాం.
కళ్ళు మండితే బట్టీ పొగన్నాం.
పెదవి చిట్లి గంజి దిగకపోతే
"ఉప్పెక్కువేసినావే గుంటా" అని నన్నే తిట్టింది.
పదకొండో నాడు
మెడ మీద ఎర్రగా, రొమ్ము కింద ఎర్రగా,
బొబ్బలు.
జీడేనన్నాం.
జీడి వీపు మీదకి ఎలా పాకుతుందని
ఒక్కరమూ అడగలేదు.

చీర మార్చబోతే
భుజం తోలు నా అరచేతికి వచ్చేసింది,
వేడి చేసిన పప్పు మీంచి పొట్టు వచ్చినట్టు,
అంత తేలిగ్గా.
ఆ పొట్టు తీయడమే నా పని.
రోజుకి ఎనిమిది కిలోలు.
తర్వాత వారమంతా పనికి పోలేకపోయాను.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరమ్మ
చూస్తూనే ఒకటే అడిగింది:
"కొత్త మాత్ర ఏ రోజు మొదలెట్టారు?"
వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
పదకొండు దగ్గర ఆగాను.
పదకొండో రోజంటే మా ఇళ్ళల్లో
వేరే లెక్క.

అరిటాకులు పరిచి పడుకోబెట్టారు.
గుడ్డయితే ఒంటికి అంటుకుంటుందట.
"ఇన్నాకులు కోసినారు, బోజనాలెక్కడే?" అని
నవ్వబోయి, పెదవి నొచ్చి, మానేసింది.
మిషను మీద వేలు పెట్టించారు,
రెండుసార్లు, మూడుసార్లు.
ముద్ర పడలేదు.
"జీడి తినీసింది బాబూ,
నాకు ముద్ర నేక పదేళ్ళయింది."

చచ్చిపోలేదు.
ముందే చెప్పాల్సిన మాట, ఇప్పుడు చెబుతున్నాను.
కొత్త చర్మం వచ్చింది, ఎలకపిల్ల రంగులో.
గడ్డ మాత్రం ఎక్కడిదక్కడే.
ఎర్ర సిరాతో ఆ మందు పేరు రాసి
ఎప్పటికీ ఇవ్వొద్దన్నారు.
ఆ చీటీ రేషన్ కార్డుతో పాటు
ఒకే కవర్లో ఉంటుంది.

నిన్న ఇంకో మాత్ర.
నర్సు గడియారం చూసి "పడింది" అనబోతే
అప్ప చెయ్యెత్తి ఆపింది.
"ఉండమ్మా.
నా ఒళ్ళు బేగి మాటాడదు."

తిరుగు బండిలో నిద్రపోయింది.
పైట జారితే సర్దబోయి
చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
ఇవాళ రెండో రోజు.