రసమట్టం

పద్దెనిమిది సాయంత్రాల చదువు.
ఎల్ ఆల్తోలో, రొట్టెల బట్టీ వెనక, పిల్లల బడిలో.
బెంచీలు మా మోకాళ్ళకి చాలవు.
రెండేసి మడతలుపడి కూర్చున్నాం,
నేనూ, దోన్యా సెవెరా,
బడి మధ్యలో వదిలేసిన ఆరుగురు కుర్రాళ్ళు,
నోరు విప్పని ఒక పిల్ల.

ఫారంలో "వృత్తి" అని ఒక గడి.
రాసే అబ్బాయి నన్ను అడక్కుండానే
"సహాయకురాలు" అని నింపేశాడు.
పంతొమ్మిదేళ్ళు తట్ట మోశాను నాయనా,
మెట్లు ఇంకా పుట్టని అయిదో అంతస్తుకి కూడా.
ఎవరికి సహాయం చేశానో వాళ్ళంతా మేస్త్రీలయ్యారు.
పైకి అనలేదు.
కలం అతని చేతిలో ఉంది.

పంతులు ఎల్మెర్‌కి ఇరవైనాలుగేళ్ళు, జుట్టుకి పిలక.
మంచి ఇసుక ఇదీ అని గుప్పిట పట్టి చూపించాడు.
"మన్ను కలిసింది, ఈ గోడ పెచ్చులూడుతుంది" అన్నాను.
అరచేతిలో ఉమ్మేసి పిసికి చూసుకున్నాడు.
నవ్వి, తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఏడో సాయంత్రం రసమట్టం చేతికిచ్చాడు.
పసుప్పచ్చ బద్ద, నడుమ గాజులో ఆకుపచ్చ నీళ్ళు,
నీళ్ళలో ఒక బుడగ.
రెండు గీతల మధ్య అది నిలబడితే
గోడ నిజం చెబుతున్నట్టు.
నోరు విప్పని పిల్ల, యెసీకా,
చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.
"బుడగ బరువెంత?" అంది.
అదే ఆ పిల్ల మొదటి మాట.
ఎల్మెర్ పుస్తకంలో జవాబు లేదు.

శనివారం నా గుర్తింపు కార్డు తాకట్టుపెట్టి
మట్టాన్ని ఇంటికి తెచ్చుకున్నాను,
చారల దుప్పటిలో చుట్టి, చంటిపిల్లలా వీపున కట్టుకుని.

ఇల్లంటే, డజనేసి ఇటుకలు కొని
పని దిగాక నేను లేపినది.
కూతురు దీపం పట్టుకునేది.
ఆ చలికాలం మాలు గడ్డకట్టేది,
చారు కాచే గిన్నెలోంచి వేణ్ణీళ్ళు పోసి కలిపేదాన్ని.
ఆ గోడకే ఆనించాను.

బుడగ పారిపోయింది.
పై చివర నక్కి కూర్చుంది.

రెండు వేళ్ళ వాలు.

పదకొండేళ్ళుగా ఆ గోడకి క్యాలెండరు వేలాడదీస్తున్నాను.
కింది అంచు ఎప్పుడూ గోడకి ఆనదు.
గాలి అనుకున్నాను. మా ఎత్తులో గాలికేం కొదవ.
కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను,
ప్రతి చలికాలమూ ఇంకో గుడ్డ కుక్కాను.
పాపం, అది నిటారుగా వేలాడుతోంది,
అంతే.

మర్నాడు తీగబండిలో పోతుంటే
కింద సగం కట్టిన ఎర్ర ఇళ్ళన్నీ
ఒకదాని భుజమ్మీద ఒకటి తూలుతున్నట్టే.
ఇల్లిమాని కొండకి కూడా మట్టం పెట్టి చూడాలనిపించింది.

సోమవారం ఎల్మెర్ అడిగాడు, "పనిచేసిందా?"
"నీ మట్టమే కాస్త వంకర" అన్నాను.
బల్లమీద పెట్టాడు. తిప్పి పెట్టాడు.
బుడగ నడిమధ్యనే.
నా ముఖంకేసి చూడకుండా కార్డు తిరిగిచ్చాడు.
ఆ చూడకపోవడానికి మనసులో నూటికి నూరు వేశాను.

సర్టిఫికెట్‌లో నా పేరు బసిలియాకి ఒక అక్షరం తక్కువ.
మేస్త్రీ అటూ ఇటూ తిప్పి చూశాడు.
"కాగితం మాలు కలుపుతుందా?" అన్నాడు.
అని, తాపీ ఇచ్చాడు.
స్నానాలగది వెనక గోడ, ఎవరూ చూడనిది, మూడు మీటర్లు.
రోజుకి పదిహేను ఎక్కువ.
పక్కన కట్టే మగవాడికన్నా ముప్ఫై తక్కువ.
ఈ వాలు కొలిచే పనిముట్టు
పద్దెనిమిది సాయంత్రాల్లో మాకివ్వలేదు.

గోడ లేపాను.
రెండు గీతల మధ్య బుడగ నిద్రపోయింది.

ఇంటి గోడ కూల్చలేదు.
ఎందుకమ్మా అని కూతురడిగింది.
దీపం పట్టింది నువ్వేగా, నీ చెయ్యి వణికుంటుందిలే అన్నాను.
నవ్విందో అలిగిందో తెలీదు, అటు తిరిగింది.

కిటికీలో గుడ్డలు మాత్రం అన్నీ పీకేశాను.
గాలి కూడా నిజంగానే ఉందని
ఆ రాత్రే తెలిసింది.