చిల్లు రాయి

కంచె గుంజ కోసం తవ్వుతున్నాను.
మూరెడు లోతున గునపం ఖంగుమంది.
కారూలో ఇదేం వింత కాదు,
ఇక్కడ మట్టికంటే రాయే పెద్దకొడుకు.
తిట్టుకుంటూ చెయ్యి దూర్చి లాగితే
వచ్చింది:
రెండు పిడికిళ్లంత గుండ్రటి రాయి,
నడిమధ్య ఇటునుంచి అటు వెలుతురు.

అపూల్స్ కన్ను ఆనించి చూశాడు.
"నువ్వే కనబడుతున్నావు,
ఇటైనా అటైనా అదే దరిద్రం" అన్నాడు.

ఆ వారమంతా రాయి చేతులు మారింది.
ఉన్ని కత్తిరించేవాళ్లు
తలుపు గాలికి కొట్టుకోకుండా పెట్టే బరువన్నారు.
పాస్టరు గారు
మెడకు కట్టే తిరుగటిరాయి వాక్యం చదివి
ఎందుకో నా వైపే చూశారు.
దొర ఫాన్ ఆస్ బొటనవేలి గోటితో గీకి
"నేల నాది, కాబట్టి..." అని ఆగిపోయాడు.
ఆ "కాబట్టి" ఇంకా షెడ్డులో
కళ్లెం పక్కనే వేలాడుతోంది.
మా చిన్నది చిల్లుకు మూతి పెట్టి ఊదింది.
పలకలేదు.

శుక్రవారం పట్నం మ్యూజియం నుంచి నొంఫుండో వచ్చింది,
దుమ్ము తాగిన చిన్న ట్రక్కులో.
టీ వద్దంది.
రాయిని అరచేతిలో తూచింది,
వంటింటి తక్కెడలో మళ్లీ తూచింది,
చిల్లులోకి చిటికెనవేలు పోనిచ్చి
కళ్లు మూసుకుంది.
"రెండు వైపులనుంచీ తొలుచుకుంటూ వచ్చారు.
మధ్యలో సన్నం, తబలా కాదు, ఢమరుకం నడుం.
చూడండి, రెండు దారులూ సరిగ్గా కలవలేదు,
జొన్నగింజంత పక్కకు పోయాయి."
నా వేలు కూడా పెట్టించింది.
ఉంది. చిన్న మెట్టు.
ఎవరిదో పొరపాటు,
ఏ సాయంత్రమో చూపు ఆనక జరిగింది,
ఇన్ని వేల ఏళ్లు దిద్దేవాళ్లు లేక అలాగే ఉంది.
అంతవరకూ అది నాకు రాయే.

ఒక కర్ర అడిగింది.
మొన చెక్కి, రాయికి దూర్చి,
పక్కన చీలిక పుల్ల కొట్టి బిగించి
నా చేతికిచ్చింది, తవ్వమని.
నేనేం చెయ్యలేదు. బరువే దిగింది.
నేలే కాస్త జరిగి చోటిచ్చింది.

గుమ్మంలో కూర్చుని చూస్తున్న మా అత్త మీకా లేచింది.
"అలా నిట్టనిలువుగా పొడిస్తే గడ్డ తెగిపోతుంది,
ఏటవాలుగా పెట్టు, తొక్కు, ఎత్తు."
వానలు పడ్డ పది రోజులకు
తుంగగడ్డల్లాంటివి ఆవిడ తవ్వి తెస్తుంది,
ఎప్పుడో ట్రాక్టరువాడు వదిలేసిన స్క్రూడ్రైవరుతో.
కర్ర నా దగ్గర లాక్కుని
మూడు పోట్లు పొడిచి
నడుం మీద చెయ్యి వేసుకుని అంది:
"ఇది బాగుంది. స్క్రూడ్రైవరుకి వంగాలి."

నొంఫుండో అట్టముక్క మీద రాసుకుంది:
తవ్వుకర్రకు తొడిగే బరువు.
చివర ఒక ప్రశ్నార్థకం పెట్టింది.
"ఇంకా అనుమానమేమిటి?" అన్నాను.
"తొలిచినావిడ వచ్చి అవునంటే కొట్టేస్తాను."
ఆవిడో, ఆయనో అనలేదు.
ఆవిడ అనే అంది.

ట్రక్కు పోయాక
దుమ్ము చాలాసేపు రోడ్డు పట్టుకుని నిలబడింది.
మళ్లీ అదే గుంట దగ్గరికి వచ్చాను.
రోజుకు ముప్పై గుంటలు, గుంటకింత కూలి.
ఆవిడ కూడా ఇక్కడే ఎక్కడో తవ్వి ఉంటుంది,
గడ్డ తీసి, మట్టి కాలితో తోసి,
ఇంకో మొక్క కనిపించిన వైపు నడిచి ఉంటుంది.
ఆ వైపే ఇప్పుడు
అయిదు వరసల తీగ లాగాలి నేను.

గుంజ దింపాను. మట్టి కూరాను.
వెనక్కి వచ్చి ఒంటికన్నుతో చూస్తే
వరసకి జొన్నగింజంత పక్కన ఉంది.
చూశాను.
గునపం తీసుకుని తర్వాతి గుంటకి వెళ్లాను.

సోమవారం ఫాన్ ఆస్ తాడు పట్టుకుని వస్తాడు.