చామంతికి చీకటి

పుట్టినరోజుకు వచ్చిన కుండీ.
పూలు వాడగానే చెత్తడబ్బా పక్కకు చేరింది.
వేరు బతికే ఉందని
వాళ్ళకెవరు చెప్పాలి?

మేడమీద, నీళ్ళ ట్యాంకు నీడన పెట్టాను.
ఏసీ కార్చే నీళ్ళే పట్టి పోశాను.
మార్చిలో పిలకలు విడదీసి
నాలుగు పెరుగు డబ్బాల్లో నాటాను.
జానెడు ఎదిగినప్పుడల్లా కొన తుంచాను.
మదనపల్లె దగ్గర మడుల్లో
కూలికి తుంచిన వేళ్ళే ఇవి.

జూలైలో జహ్రా మీద ఎండ
ఇస్త్రీపెట్టె.
బట్టలుతికే గదిలోకి మోశాను నాలుగింటినీ.
రెండు పోయాయి.
దుమ్ముగాలి లేచిన రోజు
ఆకు ఆకూ తుడిచాను,
మామా పిలుస్తున్నా వినపడనట్టు.

అక్టోబరు. ఆకులే.
నవంబరు. ఆకులే, ఏపుగా, సిగ్గులేకుండా.
అప్పుడు తట్టింది.
గోడమీది ఫ్లడ్‌లైటు
దివానియాకొచ్చే కార్లకోసం తెల్లవార్లూ వెలుగుతుంది.
పాపం దీనికి
రాత్రంటే ఏమిటో తెలీదు.

మగ్రిబ్ బాంగు వినగానే
చిరిగిన అబాయా కుట్టి కప్పాను.
పొద్దున టీ పెట్టాక తీశాను.
అతిథులు పోయేదాకా నేను గ్లాసులు కడుగుతుంటే
పైన రెండు మొక్కలు
నిద్రపోయేవి.

జనవరిలో బఠాణీ గింజంత మొగ్గలు.
తర్వాత పసుపు.
మామా మూడు కోసి బల్లమీద పెట్టింది,
ఎక్కడ కొన్నావంది.
ఒకటి నా జడలో, స్కార్ఫు కింద,
ఆ చేదువాసన నాకొక్కదానికే.

పక్కింటి మస్తానమ్మకు
గోడమీంచి ఒక పిలక అందించాను.
"నీళ్ళు ఎట్లయినా దొరుకుతాయి మే.
చీకటే,
నువ్వు కుట్టియ్యాల."