చూశాను

డిసెంబరులో ఆ నార్వే ఫ్యోర్డు మీద తెల్లవారదు.
మధ్యాహ్నం ఓ గంట నీలంగా పలచబడి
మళ్ళీ చిక్కబడుతుంది చీకటి.

ఒడ్డున, రెండో అంతస్తులో
ఊలు మేజోళ్ళతో, చల్లారిన కాఫీతో తూర్దిస్.
ముప్పై ఏళ్ళు చుక్కాని పట్టిన చేతులు
ఇప్పుడొక మీట పక్కన కూర్చున్నాయి.
కింద నీళ్ళమీద మూడు పడవలు
నడిపేవాళ్ళు లేకుండానే జనాన్ని దాటిస్తున్నాయి.

దారిలో ఏదైనా తేలితే యంత్రం అడుగుతుంది:
"మంచు పలక. తప్పించి వెళ్తాను. చూశారా?"
చూశాను, అని నొక్కుతుంది.
"దుంగ. చూశారా?"
చూశాను.

మొదటి చలికాలం నిజంగానే చూసింది,
కళ్ళద్దాలు తుడుచుకుని, తెరకి ముక్కు ఆనించి.
అది ఒక్కసారీ తప్పు చెప్పలేదు.
తప్పు చెప్పనివాళ్ళ మాట
ఎన్నాళ్ళని సరిచూస్తాం?
వేలు నేర్చేసుకుంది. కన్ను మానేసింది.

మొన్న రాత్రి రెండూ పదికి
రొట్టెముక్క అందుకుంటూ ఎడంచేత్తో నొక్కింది.
నొక్కాక చదివింది:
"బహుశా సీల్. వేగం తగ్గించను. చూశారా?"

బహుశా.
ఆ మాట అది ఇదివరకెప్పుడూ అనలేదు.
అన్నదేమో. ఎన్నిసార్లన్నదో.

నలభై సెకన్లు.
పడవ దీపంలో ఒక గుండ్రటి తల
తడిగా మెరిసి మునిగింది.
సీలే.
కిటికీలోంచి ఎవరో పిల్లాడు దానికి చెయ్యూపాడు.

ఆరింటికి డ్యూటీ మారడానికొచ్చిన ఐలివ్
"ఏం కాలేదుగా, అది సరిగ్గానే చెప్పిందిగా" అన్నాడు.
"అది సరిగ్గానే చెప్పింది," అంది తూర్దిస్,
"అబద్ధం చెప్పింది నేను."
రిజిస్టరులో పెన్నుతో రాసింది:
రెండూ పది. చూశానన్నాను. చూడలేదు.
కింద పూర్తి పేరు.

వాళ్ళ భాషలో ఎలాగో నాకు తెలీదు.
మా దాంట్లో చూడటం, చూసుకోవడం
ఒకే గోడకి అటొకటీ ఇటొకటీ ఉన్న ఇళ్ళు.
చూడటం దానికి మనకన్నా బాగా వచ్చు.
రెండో ఇంటి తాళంచెవి మాత్రం
ఎవరికీ ఇచ్చినట్టు గుర్తులేదు.

మర్నాడు మీటని ఊడదీయించి
కిటికీ పక్క గోడకి పెట్టించింది.
కుర్చీలోంచి నాలుగడుగులు.
రాత్రికి ఎనభైసార్లు లేవాలి, మోకాళ్ళు తిడుతున్నాయి.
యంత్రం ఆగుతుంది. దానికి తొందర లేదు,
ఎప్పుడూ లేదు. తొందరంతా మనదే.

మేజోళ్ళ కాళ్ళతో నడిచి వెళ్ళి
ముందు తెరకేసి, తర్వాత
తెల్లారని ఆ నీళ్ళకేసి
ఒక ఊపిరి సేపు నిలబడి,
అప్పుడు.